మా వేసవి యాత్రకు పెద్ద దిక్కు

నిన్న రాత్రి తొమ్మిదింటికి హనుమకొండలో బస్సు దిగాం. పొద్దున్నే బట్టలు నానబెట్టి, టీ పెట్టుకుని ఇది రాస్తున్నాను. రేపటికైతే కోపం చల్లారుతుంది, పోనీలే అనుకుంటాను. అలా పోనిచ్చినవి నా జీవితంలో ఇప్పటికే చాలా ఉన్నాయి.

మేము ముగ్గురం. డిగ్రీలో ఒకే బెంచీ, ఇరవై నాలుగేళ్ళ స్నేహం. ఒకావిడ పేరు రేడియో. నోరు మూయదు కాబట్టి కాలేజీలో ఆ పేరు పడింది, ఇప్పుడు వాళ్ళ పిల్లలు కూడా చాటుగా అలాగే అంటారు. ఇంకొకావిడ పొడుగమ్మ. నేను లెక్కల టీచరును, అందుకని ఖర్చుల పుస్తకం ఎప్పుడూ నా చేతికే వస్తుంది. రేడియో భర్త ఐదేళ్ళ క్రితం గుండెపోటుతో పోయాడు. పొడుగమ్మ భర్త మస్కట్‌లో పని చేస్తాడు. మా ఆయన ఇంట్లోనే ఉంటాడు కానీ మే నెలలో కూలర్ ముందు నుంచి కదలడు. పిల్లల్లో రేడియో కూతుళ్ళు ఇద్దరు, పొడుగమ్మ కూతురు, మా అబ్బాయి. వాడు తొమ్మిది పూర్తిచేసి పదిలోకి వెళ్తున్నాడు, వయసు 14. ఈ వయసు గుర్తుపెట్టుకోండి.

రామప్ప గుడి, లక్నవరం చెరువు చూసి రావడానికి రెండు రోజులు, ఒక రాత్రి. అంతే మేము అడిగింది. ఇళ్ళల్లో ఒప్పించడం, ముగ్గురి సెలవులు కుదర్చడం, పొడుగమ్మ అత్తగారికి వంటమనిషిని చూడడం, అన్నీ ఒక వారంలో అయిపోయాయి. గదులు కూడా ఫోన్‌లోనే మాట్లాడాను. "రెండు గదులు, ఏడుగురం" అన్నాను. "రండి మేడం, ఏ ఇబ్బందీ లేదు" అన్నాడు బసలో ఫోన్ ఎత్తినతను. అడ్వాన్స్ 2000 ఫోన్‌లోనే పంపాను. ఇప్పుడు తలుచుకుంటే, ఆ ఏడుగురిలో ఎవరెవరని అతను అడగలేదు, నేనూ చెప్పలేదు. అక్కడే దెబ్బతిన్నాం.

తిండి సంగతి ఒక ముక్క చెబుతాను. ఎండాకాలం ప్రయాణానికి పులిహోర కట్టుకెళ్ళేవాళ్ళంటే నాకు జాలి. రెండో రోజుకు డబ్బా మూత తీస్తే వాసన వస్తుంది. సర్వపిండి చేసుకోండి. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, కారం కలిపి గిన్నె లోపల గోడకు పలచగా అద్ది, వేలితో చిల్లులు పొడిచి, ఆ చిల్లుల్లో నూనె పోసి కాలిస్తే రెండు రోజులున్నా ఏమీ కాదు. పొడుగమ్మ పన్నెండు తెచ్చింది. ఇంటికి వచ్చేసరికి ఒక్క పెచ్చు మిగల్లేదు.

బస్సు ప్రయాణం హాయిగా సాగింది. 2023 డిసెంబర్ 9 నుంచి మన తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ఛార్జీ లేదు కదా. కండక్టరుకు ఆధార్ చూపిస్తే ఆరు సున్నా టికెట్లు ఇచ్చింది. ఏడోది మా అబ్బాయిది, వాడికి పన్నెండు దాటాయి కనుక పూర్తి టికెట్. "మనలో డబ్బు కట్టింది నేనొక్కడినే, కిటికీ సీటు నాది" అని కూర్చున్నాడు. ములుగు ముందర గట్టమ్మ గుడి దగ్గర బస్సు నెమ్మదించగానే రేడియో కిటికీలోంచి చేతులు జోడించింది. జంగాలపల్లి దగ్గర దిగి, రెండు ఆటోలు మాట్లాడుకుని పాలంపేట చేరాం.

రామప్పకు వెళ్ళేవాళ్ళు పొద్దున తొమ్మిదిలోపు వెళ్ళండి. మేము పదకొండున్నరకు చేరాం. చెప్పులు విప్పి గుడి ఆవరణలో అడుగుపెట్టగానే బండలు పెనంలా కాలుతున్నాయి. పిల్లలు గంతులు వేసుకుంటూ నీడలోకి పరుగెత్తారు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, పైన ఇటుకలు నీళ్ళల్లో తేలేంత తేలిక, 2021లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కింది అని నేను మొదలుపెట్టగానే మా వాడు "అమ్మా, సెలవులు" అన్నాడు. ఊరుకున్నాను. కానీ చూరు కింద నల్లరాతి మదనికలను, అంటే ఆడవాళ్ళ శిల్పాలను మాత్రం అందరూ మెడలు పట్టేసేదాకా చూశారు. వాటిలో ఒకామె వేటకత్తె, కాళ్ళకు ఎత్తు మడమల చెప్పులు. రేడియో చిన్న కూతురు ఆ చెప్పులు చూసి, "ఈమె ఎవరితో వచ్చింది?" అని అడిగింది. "ఎవరితోనూ రాలేదు, వేటకు వచ్చింది" అంది రేడియో. అప్పుడు నవ్వుకున్నాం.

సాయంత్రం ఆరు దాటి పది నిమిషాలకు బస దగ్గర దిగాం. ఆ ఊరి పేరు, ఆ బస పేరు రాయను. చుట్టూ అడవి దారి, ఆ వేళప్పుడు వెనక్కి బస్సు లేదు. ఆటోలు అప్పటికే తిరిగి వెళ్ళిపోయాయి.

బల్ల మీద అద్దం, అద్దం కింద దేవుడి పటం, ఎవరెవరివో పేర్ల కార్డులు. పక్కన ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి రిజిస్టర్. దానికి ఒక బాల్‌పెన్నును దారంతో కట్టారు, ఎవరూ ఎత్తుకుపోకుండా. బల్ల వెనక కూర్చున్నతనికి నలభై ఉంటాయి. రిజిస్టర్ తెరిచి, మమ్మల్ని కాక మా వెనక గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. రెండు నిమిషాలు గడిచాయి.

"మీవాళ్ళు వెనక వస్తున్నారా అమ్మా?"

"అందరం వచ్చేశాం."

"అదే, మగవాళ్ళు?"

"మగవాళ్ళు ఎవరూ రావడం లేదు. మేమే."

రిజిస్టర్ మూసేశాడు. దారం చుట్టి పెన్నును దాని మీద పెట్టాడు. అంత శుభ్రంగా సర్దుతుంటేనే నాకు అర్థమైంది.

"వట్టి ఆడవాళ్ళకు ఇవ్వమమ్మా. యజమాని ఒప్పుకోరు. పైగా మీది హనుమకొండ ఆధార్. ఎంతమ్మా, డెబ్బై ఎనభై కిలోమీటర్లు. ఇంటికి పోయి పడుకోవచ్చు కదా?"

అడ్వాన్స్ ఎలా తీసుకున్నారని అడిగితే, ఫోన్ ఎత్తినవాడు వేరే కుర్రాడన్నాడు. ఆడవాళ్ళకు గది ఇవ్వకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమని రేడియో అడిగింది. గుర్తింపు కార్డు చూపించాలి, వివరాలు రాయాలి, అంతవరకే కదా అంది. ఆవిడ ఒకసారి మొదలుపెడితే ఆపడం మావల్ల కాదు, ఈ ఒక్క రోజు మేము ఆపాలని కూడా అనుకోలేదు. అతను గోడ మీది గడియారం చూస్తూ అంతా విన్నాడు. చివర్లో చాలా మర్యాదగా, "మీ ఆయనకు ఫోన్ చేయండమ్మా. ఆయన ఒక్క మాట చెబితే చాలు" అన్నాడు.

రేడియో ఆగిపోయింది. పెద్ద కూతురు వచ్చి తల్లి చేతిలో నీళ్ళ సీసా తీసుకుని, మూత తిప్పి మళ్ళీ చేతిలో పెట్టింది. అతనికి ఏమీ అర్థం కాలేదు.

"ఇక్కడ సిగ్నల్ సరిగ్గా ఉండదు. ఆ వేపచెట్టు కిందకు వెళ్తే బాగా కలుస్తుంది" అన్నాడు.

నేను నోరు తెరవబోతే రేడియో నా చెయ్యి నొక్కింది. ఫోన్ తీసుకుని వేపచెట్టు కిందకు వెళ్ళింది. మాకు వీపు కనిపించేలా కాసేపు నిలబడింది. తిరిగి వచ్చి, "కలవలేదు" అంది.

పొడుగమ్మ మస్కట్‌కు వీడియో కాల్ చేసింది. అక్కడింకా పనివేళ, ఆయన తలమీద పసుపు హెల్మెట్, వెనక ఇనుప చువ్వలు. "ఇవ్వన్నా, మా ఇంటావిడే" అన్నాడు పాపం. ఇతను ఫోన్ దగ్గరగా పెట్టుకుని చూసి, "ఈయనే మీ భర్త అని మేమెలా నమ్మాలమ్మా?" అన్నాడు.

అప్పుడు నేనూ చిన్నతనం చేశాను, ఒప్పుకుంటాను. పందొమ్మిదేళ్ళుగా పాఠాలు చెబుతున్నానని, నా దగ్గర చదివినవాళ్ళలో ఇద్దరు ఎస్సైలు ఉన్నారని గొంతు పెంచి చెప్పాను. "అయితే వాళ్ళలో ఒకరిని రమ్మనండమ్మా" అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అదొక దారి అనుకున్నాడు.

ఇక మిగిలింది మా ఆయన. మూడుసార్లు ఎత్తలేదు. నాలుగోసారి కూలర్ మోతలోంచి "ఆఁ" అన్నాడు. విషయం చెప్పి ఫోన్ బల్ల అవతలికి ఇచ్చాను. అతను లేచి నిలబడ్డాడు. ముప్పావు గంటగా మా ముగ్గురి ముందు కుర్చీలోంచి కదలని మనిషి, ఫోన్‌లో ఒక మగ గొంతు వినగానే లేచి నిలబడి "నమస్తే సార్" అన్నాడు! మా ఆయన ఏమన్నాడో నాకు వినిపించలేదు. ఫోన్ తిరిగి నా చేతికి వచ్చాక మాత్రం, "నువ్వేమైనా గట్టిగా మాట్లాడావా?" అని నన్నే అడిగాడు.

అయినా పని కాలేదు. "సార్ మంచివారే. కానీ ఫోన్‌లో మాటను రిజిస్టర్‌లో ఎలా రాస్తాం?"

అప్పటికి పిల్లలు మెట్ల మీద కూర్చుని చివరి సర్వపిండి పంచుకుంటున్నారు. మా వాడు నీళ్ళ కోసం లోపలికి వచ్చాడు, మూతికి నూనె. అతను వాడిని కిందనుంచి పైదాకా చూశాడు. పొడుగు బాగానే ఎదిగాడు, పెదవి మీద నూగు వస్తోంది.

"ఈ బాబు ఎవరు?"

"మా అబ్బాయి."

"ముందే చెప్పాలి కదమ్మా!"

మొహం వికసించింది. రిజిస్టర్ తెరిచాడు, దారం విప్పాడు. "శ్రీ" అని రాసి మా వాడి పేరు రాశాడు. వయసు 14. వెంట ఉన్నవారు అనే గడిలో "ఆడవాళ్ళు 6". నా పేరు లేదు. పొడుగమ్మ పేరు లేదు. చట్టం మాట్లాడిన రేడియో పేరు లేదు. నలభై నాలుగేళ్ళ మనుషులం, ఉద్యోగాలు చేసి ఇళ్ళు నడిపేవాళ్ళం, ఆరు అనే అంకెలో సర్దుకున్నాం. మా ఆధార్ కార్డులు అడగను కూడా అడగలేదు.

"సంతకం పెట్టు బాబూ."

వాడికి సంతకం లేదు. "అమ్మా, ఎలా పెట్టాలి?" అని నా వైపు చూశాడు. చివరికి జవాబు పత్రం మీద రాసినట్టు పూర్తి పేరు గుండ్రంగా రాసి, కింద స్కేలుతో కొట్టినట్టు గీత గీశాడు. రెండు తాళంచెవులూ వాడి చేతిలో పెట్టి, "జాగ్రత్తగా చూసుకో" అన్నాడు. వాడికి రాత్రి లైటు తీస్తే నిద్రపట్టదని చెప్పాలనిపించింది. చెప్పలేదు, గది కావాలి కదా.

అతను దుర్మార్గుడు కాదనీ, ఏదైనా జరిగితే తన మెడకు చుట్టుకుంటుందని భయపడ్డాడనీ పొడుగమ్మ అంటోంది. అయ్యుండవచ్చు. కానీ భయం అతనిదైతే అవమానం మాకెందుకు? ఆ దారిలోనే మేడారం ఉంది. రెండేళ్ళకోసారి అన్ని లక్షల మంది వచ్చి మొక్కేది తల్లీకూతుళ్ళకు. సమ్మక్క, సారలమ్మ ఆ బల్ల దగ్గరకు వస్తే వాళ్ళనూ వేపచెట్టు కిందకు పంపేవాడేమో.

గదులు శుభ్రంగానే ఉన్నాయి, దుప్పట్లు ఉతికినవే. పిల్లలు పడుకున్నాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. పన్నెండు దాటాక చీకట్లోంచి రేడియో గొంతు వచ్చింది. "చెట్టు కింద నేను నిజంగానే ఆయన నంబరు నొక్కాను. ఎందుకు నొక్కానో తెలియదు. ఎవరో ఎత్తారు. ఆ నంబరు ఇప్పుడు వేరే ఎవరికో ఇచ్చినట్టున్నారు."

ఏమనాలో మాకు తోచలేదు.

"రాంగ్ నంబర్ అని పెట్టేశాను. తరువాత అనిపించింది, ఎవరైతే ఏమిటి, మగ గొంతే కదా, ఆయనతోనే ఒక మాట చెప్పించాల్సింది."

మొదట పొడుగమ్మకు నవ్వు వచ్చింది. ఆ తరువాత ఇక ఆగలేదు. దిండ్లు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వాం. పక్క గదిలోంచి మా పెద్ద దిక్కు వచ్చి తలుపు కొట్టి, "మీరు పడుకోరా?" అని గదమాయించాడు.

మర్నాడు లక్నవరం. వేలాడే వంతెన మీద పొడుగమ్మ రెండు వైపులా తాళ్ళు పట్టుకుని కళ్ళు మూసుకుని నడిచింది, పడవ ఎక్కాం, దారిలో ఒక ముసలమ్మ దగ్గర ఆకుదొన్నెల్లో తునికి పండ్లు, మొర్రి పండ్లు కొన్నాం. బొగత జలపాతానికి వెళ్దామని పిల్లలు గొడవ చేస్తే వద్దన్నాను. ఎండాకాలంలో అక్కడ చూసేది బండలనే. వానలు బాగా పడ్డాక, జూలై దాటాక వెళ్ళాలి.

ఆడవాళ్ళు మాత్రమే వెళ్ళేటట్టయితే ఫోన్‌లోనే తేల్చుకోండి. "మగవాళ్ళు రారు, ఇస్తారా ఇవ్వరా?" అని అడిగి, ఇస్తామని మెసేజ్ పెట్టించుకుని, అది వచ్చాకే డబ్బు పంపండి. నాలుగింటికల్లా చేరండి. ఇవ్వమంటే వెనక్కి రావడానికి వెలుతురు ఉండాలి. మాకు ఆ వెలుతురే లేకపోయింది, అందుకే ఆ గీతకు ఒప్పుకున్నాను. ఒంటరిగా ఉంటే ఏం చేసేదాన్నో కానీ, నలుగురు పిల్లల ఆకలి పక్కన పెట్టుకుని పంతాలకు పోలేం.

తిరుగు బస్సులోనూ ఆరు సున్నా టికెట్లు, ఒక డబ్బు టికెట్. మా వాడు కిటికీ దగ్గర కూర్చుని ములుగు రాకముందే నోరు తెరుచుకుని నిద్రపోయాడు. జేబులోంచి బస రసీదు జారితే తీసి ఖర్చుల పుస్తకంలో పెట్టాను. దాని మీద కూడా "శ్రీ" ఉంది.

ఇంటికి రాగానే మా ఆయన "ఎలా ఉంది?" అని అడిగాడు. బాగుందన్నాను. ఆయన గొంతు విని ఆ మనిషి లేచి నిలబడ్డాడని మాత్రం చెప్పలేదు. చెబితే దసరా దాకా చుట్టాలందరికీ చెప్పుకుంటాడు.