సొంత ఇంటిని అద్దెకిచ్చాక పన్ను లెక్క: నా అనుభవం

2024 జూన్ నెలాఖరున బెంగళూరు కుందలహళ్లిలోని మా ఫ్లాటు ఖాళీ చేసి, జయనగర్‌లో ఒక అద్దె ఇంటికి మారాం. అత్తయ్యగారి వైద్యానికి అదే దగ్గర. మా ఫ్లాటును జూలై ఒకటి నుంచి నెలకు 34,000 రూపాయలకు కర్నూలు నుంచి వచ్చిన ఒక జంటకు ఇచ్చాం. ఇల్లు మా వారికీ నాకూ చెరిసగం, గృహ రుణం కూడా ఇద్దరి పేరునే ఉంది. అద్దెకిస్తున్నామని తెలియగానే అడ్వాన్సు ఎన్ని నెలలది తీసుకోవాలి, ఖాళీ చేసేటప్పుడు రంగులకు ఎంత పట్టుకోవాలి అని చెప్పేవాళ్లు చాలామంది దొరికారు. పన్ను మాటెత్తితే మాత్రం "వచ్చిన అద్దె చూపించేస్తే సరిపోతుంది" అన్నవాళ్లే అందరూ. సరిపోదు. మా లెక్క పూర్తిగా రాస్తాను, ఇదే పరిస్థితిలో ఉన్నవాళ్లకు పనికొస్తుందని నా నమ్మకం.

రిటర్ను వేసే ముందు మారతహళ్లిలో ఉండే ఒక ఆడిటర్ గారి దగ్గరకు వెళ్లాను. చిత్తూరు వైపు మనిషి, ఓపికగా చెబుతారు. నేను రాసుకెళ్లిన కాగితంలో జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలల అద్దె 3,06,000 అని ఉంది. ఆయన పెన్సిలు తీసుకుని ఆ తొమ్మిది చుట్టూ సున్నా చుట్టి, పక్కన 12 అని రాశారు.

"ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఆ ఇంట్లో మేమే ఉన్నాం కదండీ?" అన్నాను.

"అందుకే అమ్మా పన్నెండు. ఆ మూడు నెలలు ఇల్లు ఖాళీగా లేదు, మీరున్నారు."

విషయం ఇది. ఏడాదిలో కొంతకాలం సొంతానికి వాడుకుని కొంతకాలం అద్దెకిచ్చిన ఇంటికి, సొంతంగా నివసించే ఇంటికి ఉండే 'సున్నా విలువ' (అద్దె ఆదాయాన్ని సున్నాగా లెక్కించే) సౌకర్యం ఆ ఏడాది మొత్తానికీ పోతుంది. అలాంటి ఇల్లు ఆ ప్రాంతంలో ఏడాదికి ఎంత అద్దె తేగలదో ఆ అంచనా అద్దెనూ, నిజంగా వచ్చిన అద్దెనూ పక్కపక్కన పెట్టి, ఎక్కువున్నదాన్నే తీసుకోవాలి. అద్దెకిచ్చిన ఇల్లు మధ్యలో ఎవరూ లేక ఖాళీగా ఉండి, అందువల్ల అద్దె తగ్గితే ఆ మేరకు మినహాయింపు ఉంది. యజమాని తానే ఉన్న నెలలకు అది వర్తించదు. కాబట్టి మా లెక్క 4,08,000తో మొదలైంది. చేతికి రాని లక్షా రెండు వేలు లెక్కలో చేరింది. ఇల్లు మారడం కొన్ని నెలలు అటూ ఇటూ జరిపే వీలున్నవాళ్లు ఏప్రిల్‌కు దగ్గరగా అద్దెకివ్వడం మేలు. మాకు ఆ వీలు లేదు, వైద్యం ఆగదు.

ఆ 4,08,000లోంచి ముందుగా తీసేది యజమాని ఆ ఏడాది నిజంగా కట్టిన ఆస్తి పన్ను. మేము కట్టింది సుమారు 8,000. మిగిలిన 4,00,000లో 30 శాతం, అంటే 1,20,000 నేరుగా తగ్గుతుంది. దీనికి ఏ బిల్లూ చూపక్కర్లేదు. అయితే ఆ 30 శాతంలోనే అన్నీ సర్దుకోవాలి. రంగులు వేయించాం, బ్రోకరుకు ఒక నెల అద్దె ఇచ్చాం, గీజరు మార్పించాం. వీటికి విడిగా ఒక్క రూపాయి కూడా తగ్గదు. అపార్ట్‌మెంటు సంఘానికి కట్టే నెలవారీ మెయింటెనెన్సు కూడా విడిగా తీసేసే ఖర్చు కాదు. అందుకే అగ్రిమెంటులో అద్దెను, మెయింటెనెన్సును వేరుగా రాయించి, రెండోది అద్దెకున్నవాళ్లే నేరుగా సంఘానికి కట్టేలా పెట్టాం. రెండూ కలిపి ఒకే మొత్తంగా తీసుకుంటే మొత్తం అద్దె కింద లెక్కకొచ్చే ప్రమాదం ఉంది. ఈ ఒక్క వాక్యం అగ్రిమెంటులో రాయించుకోమని ఎవరడిగినా చెబుతున్నాను. అడ్వాన్సు తిరిగి ఇచ్చేది గనక ఆదాయం కాదు, దాన్ని ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే వచ్చే వడ్డీ మాత్రం ఆదాయమే.

ఇక మిగిలింది 2,80,000. ఆ ఏడాది రుణం మీద వడ్డీ 5,20,000. సొంతంగా నివసించే ఇంటికైతే పాత పన్ను విధానంలో ఒక్కొక్కరికి రెండు లక్షల వడ్డీ దాకానే మినహాయింపు, కొత్త విధానంలో అదీ లేదు. అద్దెకిచ్చిన ఇంటికి వడ్డీ మీద పరిమితి లేదు, మొత్తం తీసేయవచ్చు. అలా తీసేస్తే 2,40,000 నష్టం తేలింది. పాత విధానంలో ఈ నష్టాన్ని జీతం నుంచి ఏడాదికి రెండు లక్షల వరకే తగ్గించుకోవచ్చు. మిగిలితే ఎనిమిదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లి, ఇంటి ఆదాయంలోంచి మాత్రమే తగ్గించుకోవాలి. ఇల్లు ఒక్కరి పేరునే ఉంటే 40,000 అలా మిగిలిపోయేది. చెరిసగం కావడంతో చెరో 1,20,000, ఇద్దరిదీ పరిమితి లోపే.

ఈ వాటాల విషయంలో మా పైఅంతస్తు ఆవిడ ప్రేమగానే ఒక సలహా ఇచ్చారు. అద్దె మొత్తం నా ఖాతాలో వేయించుకుంటే, నా జీతం తక్కువ కనుక పన్ను కలిసొస్తుందట. అద్దె ఎవరి ఖాతాలో పడిందన్నది కాదు, విక్రయ పత్రంలో ఎవరి వాటా ఎంతో అదే లెక్క. వాటాలు స్పష్టంగా ఉంటే ఎవరి వాటా ఆదాయం వారిదే. మాకు అద్దె మా వారి ఖాతాకే వస్తుంది, రిటర్నులో మాత్రం సగం నాది.

పాతదా కొత్తదా అన్నది ఎవరికి వారు విడివిడిగా తేల్చుకోవాల్సిన విషయం. 2024-25లో నా జీతం పది లక్షలు. పాత విధానంలో 50,000 స్టాండర్డ్ డిడక్షన్, పీఎఫ్, బీమా వగైరా కలిపి లక్షన్నర, ఈ ఇంటి నష్టం 1,20,000 తీసేస్తే 6,80,000 మిగిలింది, పన్ను 48,500. కొత్త విధానంలో 75,000 మాత్రమే తీసేస్తే 9,25,000 మీద 42,500. రెండూ ఆ ఏడాది రేట్లతో వేసినవి, సెస్సు (పన్ను మీద వేసే అదనపు పన్ను) కలపక ముందు అంకెలు. కొత్తదానిలో ఇంటి నష్టం జీతానికి అక్కరకు రాదు, అయినా ఆ ఏడాది నాకు అదే తక్కువ. మా వారి సంగతి వేరు. జయనగర్ ఇంటి అద్దె ఆయనే కడుతున్నారు, హెచ్ఆర్ఏ (జీతంలో ఇచ్చే ఇంటి అద్దె భత్యం) మినహాయింపు పాత విధానంలోనే ఉంది. ఆయనకు పాతదే లాభం. ఆయన ఆఫీసులో "ఇదే ఊళ్లో సొంత ఇల్లుండగా హెచ్ఆర్ఏ ఎలా?" అని అడిగారు. సొంత ఇంట్లో ఉంటూ హెచ్ఆర్ఏ కోరకూడదు అంతే. నిజంగా అద్దె ఇంట్లో ఉండి అద్దె కడుతుంటే, సొంత ఇంటిని వేరొకరికి అద్దెకిచ్చినా మినహాయింపు వస్తుంది. అయితే మూల వేతనంలో చెన్నైవాళ్లకు 50 శాతం దాకా లెక్కిస్తే, ఆ ఏడాది బెంగళూరువాళ్లకు 40 శాతమే. జీతగాళ్లు పాత విధానం కావాలనుకుంటే గడువులోపు రిటర్ను వేయాలి, గడువు దాటితే ఆ ఎంపిక పోతుంది. దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

అక్టోబరులో మా ఇంట్లో అద్దెకున్న అబ్బాయి ఫోను చేశాడు. "మేడమ్, మా ఆఫీసులో ఇంటి యజమాని పాన్ నంబరు అడుగుతున్నారు." ఏడాదికి అద్దె లక్ష దాటితే హెచ్ఆర్ఏ కోసం అది ఇవ్వాలి. వెంటనే ఇద్దరి పాన్ నంబర్లూ పంపించాం. పాన్ ఇవ్వనని, సగం నగదుగా తెమ్మని అద్దెకున్నవాళ్లను వేధించే యజమానులు ఈ నగరంలో చాలామంది ఉన్నారు. అది నాకు ఎంతమాత్రం నచ్చదు. వాళ్లకు రావలసిన మినహాయింపు మన వల్ల పోవడం అన్యాయం. పైగా కంపెనీలు వేసే టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) రిటర్నులో యజమాని పాన్ కూడా పోతుంది, దాచిన అద్దె ఆదాయపు పన్ను శాఖకు కనబడుతూనే ఉంటుంది.

నగరపాలక సంస్థ ఆస్తి పన్ను కూడా మారుతుందని చాలామందికి తెలియదు. బెంగళూరులోని యూనిట్ ఏరియా వాల్యూ పద్ధతిలో (చదరపు అడుగుకు ఇంతని లెక్కగట్టేది) అద్దెకిచ్చిన ఇంటి రేటు సొంతంగా ఉండే ఇంటి రేటుకు రెట్టింపు. 2025 ఏప్రిల్‌లో, అప్పటికింకా నగరపాలక సంస్థ బీబీఎంపీయే, మేము అద్దె ఇంటిగానే ప్రకటించి కట్టాం. నెలాఖరులోపు ఒకేసారి కడితే 5 శాతం తగ్గింపు వచ్చింది. ఎక్కువ కట్టినా ఆ మొత్తం అద్దె ఆదాయంలోంచి తగ్గుతుంది, ఒకవైపు సొంత ఇల్లని, మరోవైపు అద్దె ఇల్లని రెండు చోట్ల రెండు మాటలు చెప్పిన భయం ఉండదు.

రిటర్ను ఐటీఆర్-2 ఫారంలో వేశాం. ఉమ్మడి యజమాని పాన్, వాటా శాతం, అద్దెకున్నవారి పేరు అడిగింది. మా వారిదానిలో బ్యాంకు పేరు, రుణ ఖాతా సంఖ్య, మంజూరైన తేదీ, మిగిలిన బాకీ కూడా నింపాల్సి వచ్చింది. బ్యాంకు ఇచ్చే వడ్డీ ధ్రువపత్రం చేతిలో ఉంటే అరగంట పని.

అద్దె 50,000 దాటని మాకు టీడీఎస్ గొడవ లేదు. నెలకు అంతకు మించి కట్టేవాళ్లు 2024 అక్టోబరు ఒకటి నుంచి 2 శాతం కోసి కట్టాలి, అంతకుముందు అది 5 శాతం. ఇది ఇక్కడే నివసించే యజమానులకు. డాలస్‌లో ఉండే మా పెద్దమ్మ కొడుక్కి వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాటుంది. యజమాని ప్రవాసి అయితే నెలకు అద్దె ఎంతన్న పట్టింపు లేదు, అద్దెకున్నవాళ్లు టాన్ నంబరు (పన్ను కోసి కట్టేవాళ్లకు ఇచ్చేది) తీసుకుని 30 శాతం, దాని మీద 4 శాతం సెస్సు, మొత్తం 31.2 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. కట్టకపోతే బాధ్యత వాళ్ల మీదే పడుతుంది. మా అన్నయ్య దగ్గర అద్దెకున్నవాళ్లకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నా లెక్క ముగిశాక ఆయనతో మాట్లాడి వాళ్ల చేత టాన్ తీయించాం. ఆయనకు కూడా రుణం మీద వడ్డీ ఉంది, అసలు పన్ను అంత పడదు. అందుకే తక్కువ రేటు ధ్రువపత్రం కోసం ఫారం 13 పెట్టుకున్నారు. అది చేతికొచ్చేవరకు ప్రతి నెలా 31.2 శాతం పోతుంది, రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవాల్సిందే.