ఏది చేసినా ముందు చిట్టి నోట్లోకే

మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. కాలవగట్టు మీద ఇల్లు, పెరట్లో కొబ్బరి చెట్లు, ఓ పనస చెట్టు. ఈ నోటుబుక్కు మొదలుపెట్టేనాటికి మా పాప చిట్టికి ఇరవై నెలలు. దాని చేతికి ఏది దొరికినా ముందు నోట్లోకి వెళ్తుంది, ఆట తర్వాత. పొంగణమైనా లేసు బంతైనా దానికి ఒకటే. అందుకే తినేవి ఒక చోట, ఆడుకునేవి ఒక చోట రాయకుండా అన్నీ కలిపి రాసుకుంటున్నాను. మధ్యాహ్నం అది పడుకునేది గంటన్నర. నాకున్న టైమ్ కూడా అంతే.

మొదలుపెట్టేముందు రెండు పట్టింపులు పెట్టుకున్నాను. రెండేళ్ళు నిండేదాకా పంచదారా వద్దు, బెల్లమూ వద్దు. బెల్లం మంచిదే కదా అని ఇంట్లో అందరూ అన్నారు కానీ, పిల్లకి అదీ తీపే. రెండోది, మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్లో చిన్న ముక్కలు ఉండకూడదని ఓ లెక్కుంది: సుమారు మూడు సెంటీమీటర్ల పైచిలుకు వెడల్పున్న గొట్టంలో పట్టే ముక్క ఏదైనా గొంతుకి అడ్డం పడొచ్చు. మందుల డబ్బా అట్ట చుట్టి గమ్ముతో అంటించి, స్కేలు పెట్టి అలాంటి గొట్టం ఒకటి చేసుకున్నాను. నేను చేసిన మొదటి క్రాఫ్టు అదే. ఇప్పటికీ కుట్టు డబ్బాలోనే ఉంది.

మే, మూడో వారం

ముంజెలు. మా ఆయన చెరువు దగ్గర్నుంచి వస్తూ గెల తెచ్చారు. లేత ముంజె చిట్టికి తెగ నచ్చింది కానీ, దాంతో జాగ్రత్తగా ఉండాలి. పైనున్న పల్చటి తోలు తీశాక ముంజె సబ్బుబిళ్ళలా జారుతుంది. మొత్తంగా నోట్లో పెట్టామంటే నేరుగా గొంతులోకే పోతుంది. తోలు తీసి, లోపలి నీళ్ళు గ్లాసులోకి వంచుకుని, ముంజెని చేత్తో మెదిపి పెట్టాను. కాస్త ముదిరినవి అసలు పెట్టలేదు, అవి మేం తినేశాం.

తిన్నాక మిగిలిన కాయలతో బండి. రెండు ముంజెకాయలు చక్రాలు, వాటి మధ్య జానెడున్నర వెదురు పుల్ల ఇరుసు, దాన్ని తోయడానికి పంగల కర్ర. మా ఆయన చిన్నప్పటి కొలత ప్రకారం కర్ర నడుం దాకా కోశారు. ఆయన నడుం దాకా! చిట్టి దాని కింద నుంచి దూరిపోయింది. మళ్ళీ కోసి, దాని ఛాతీ ఎత్తుకి తెచ్చాం. పంగ చివర్లు గుచ్చుకోకుండా పాత బనియన్ గుడ్డ చుట్టాను. నాలుగు రోజులు వీధి వీధంతా తిరిగింది. ఐదో రోజుకి కాయలు ముడుచుకుపోయి ఇరుసు వదులైంది, ఆరో రోజుకి ఈగలు. పెంటకుప్పలో పడేసి, ఇరుసూ కర్రా మాత్రం దాచాను, మళ్ళీ గెల వస్తే పనికొస్తాయని. రాలేదు. వానలు పడిపోయాయి.

జూన్

రాగి పొంగణాలు. చక్కెరకేళి అరటిపళ్ళు అత్తం కొంటే చివరి మూడు నల్లబడిపోతాయి కదా, తియ్యదనానికి అవే. ఒక పండు, నాలుగు పెద్ద చెంచాల రాగిపిండి, ఒక చెంచా పచ్చికొబ్బరి తురుము, సగం యాలక్కాయ, జారుగా రావడానికి సరిపడా కొబ్బరిపాలు. గుంతపొంగణాల పెనంలో ఏడు వస్తాయి.

మొదటిసారి పైన మాడింది, లోపల పచ్చిపిండి. చిట్టి నాలుక బయటపెట్టి అలాగే కూర్చుంది, తుడవమని. రెండోసారి రాగిపిండిని ముందే కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, పిండి కలిపాక పావుగంట నాననిచ్చి, సన్నటి సెగ మీద మూతపెట్టి ఒకవైపు నాలుగు నిమిషాలు, తిప్పి రెండు నిమిషాలు ఉంచాను. కుదిరింది. కర్పూర అరటిపండుతో చేస్తే ఓ పులుపు తగులుతుంది, నాకు అదే నచ్చింది గానీ మా ఇంటి యజమానురాలు చిట్టికి నచ్చలేదు. ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు ఇస్తే రబ్బరే. ఏడే చేసుకోవాలి, ఏడూ ఆ పూటే అవగొట్టాలి.

కొబ్బరాకు బూర, గడియారం కూడా చేశాను. బూరకి పైన గుచ్చే ఈనె బదులు దారం కట్టాను. పొద్దున్న చేస్తే సాయంత్రానికి ఎండి విడిపోతుంది. ఆకు అంచు పెదాలకి గీసుకుంటుందని ఊదడం నేనే, వినడం అది.

జూలై

అత్తయ్యగారిది నరసాపురం దగ్గర. పెళ్ళి కాకముందు నుంచీ లేసు అల్లేవారు. ఏజెంటు దారపుండలు ఇచ్చి వెళ్ళేవాడట, అల్లింది తీసుకుని డబ్బులిచ్చేవాడట. నరసాపురం లేసుకి 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి వినిపిస్తే, "లేసుకొచ్చింది సరే అమ్మాయ్, మా మెడనొప్పికి కూడా ఏదైనా ఇస్తారేమో కనుక్కో" అన్నారు. ఆవిడ దగ్గరే నేర్చుకోవడం మొదలుపెట్టాను.

ఆవిడ లేసు సూది, అంటే కొనకి కొక్కెం ఉండేది, సన్నటి స్టీలుది, దారం అంతకంటే సన్నం. నాకు రెండు రోజుల్లో కళ్ళు లాగేశాయి. పాలకొల్లు వెళ్ళి మూడు మిల్లీమీటర్ల సూది, లావు నూలు దారం తెచ్చుకున్నాను. బంతి లెక్క ఇది: మొదటి రింగులో ఆరు కుట్లు, తర్వాత వరసకి ఆరు పెంచుకుంటూ పన్నెండు, పద్దెనిమిది, ఇరవై నాలుగు, ముప్ఫై, ముప్ఫై ఆరు. అక్కడ పెంచడం ఆపి ఆరు వరసలు తిన్నగా అల్లాలి. మళ్ళీ ముప్ఫై, ఇరవై నాలుగు అంటూ తగ్గించుకుంటూ రావాలి. పద్దెనిమిది దగ్గర లోపల కూరాలి, తర్వాత మూసేయాలి. నిమ్మకాయ కంటే పెద్దగా, బత్తాయి కంటే చిన్నగా వస్తుంది. అట్ట గొట్టంలో పట్టలేదు, పాస్.

చెప్పినంత తేలిగ్గా ఏం రాలేదు. సరిగ్గా ఇరవై ఏడో కుట్టు దగ్గర చిట్టి లేస్తుంది. తిరిగొచ్చాక ఎక్కడున్నానో తెలియదు. వరస మొదలుకి గుర్తుగా పిన్నీసు పెడితే అత్తయ్యగారు చూసి లాగేశారు. "పిల్లున్న ఇంట్లో పిన్నీసు అల్లికలో పెడతావా?" అన్నారు. దాని బదులు వేరే రంగు దారం ముక్క కుట్టులోంచి దూర్చి వదిలేయడం నేర్పారు. రెండో సంగతి బిగువు. నాది వదులు చెయ్యి. కుట్ల సందుల్లోంచి లోపలి దూది కనబడింది, ఒకసారి చిట్టి పళ్ళకి పోగు కూడా వచ్చింది. ఆ బంతి విప్పేసి, సూది ఒక సైజు తగ్గించి మళ్ళీ మొదట్నుంచి అల్లాను. మొత్తం పదకొండు మధ్యాహ్నాలు పట్టింది. ఆవిడైతే ఒక్క మధ్యాహ్నంలో లేపేసేవారు.

ఆగస్టు, మొదటి వారం

బంతి పోయింది.

లోపల పాత దిండులోని బూరుగుదూది కూరాను. చిట్టి పగలంతా దాన్ని చీకుతుంది. పైన ఉతికి దండెం మీద వేస్తే పైపైన ఆరినట్టే ఉండేది. పది రోజులు ముసురు పట్టింది. ఓ పొద్దున్న మంచం పక్కన తడి గోనెసంచి వాసన. ఎలకేమో అని అంతా వెతికాం, చివరికి బంతి. కత్తెర పెట్టి కోస్తే దూది ఉండకట్టి, నల్లటి చుక్కలు. అప్పటిదాకా అది చిట్టి నోట్లోనే ఉంది! రెండు రోజులు దాని కడుపు చూసుకుంటూ కూర్చున్నాను. ఏం కాలేదు.

వేసవిలో ఐతే మా ఊళ్ళో ఏదైనా చిటికెలో ఆరుతుంది. గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చే రోజుల్లో జేబురుమాలు ఆరడానికే ఒకటిన్నర రోజు. లోపల ఏదో కూరిన బొమ్మ ఆరడం కల్ల. రెండో బంతిలో గుడ్డ పేలికలు కూరి చూశాను, ఉతికితే మూడు రోజులైనా నడిమధ్యలో చెమ్మ ఉండిపోయింది. పిండితే తెలిసిపోతుంది. దాన్ని ఎండలు వచ్చేదాకా అలమారులో పెట్టేశాను.

అత్తయ్యగారే అన్నారు, అసలు కూరడం ఎందుకు, బల్లపరుపుగా అల్లు అని. ఏం అల్లాలి? "ఏ కాలానికి ఆ చేప" అన్నారు. పులస. పుస్తెలమ్మైనా పులస తినాలని సామెత ఉంది కానీ మా ఇంట్లో ఆ ఏడాది ఎవరూ పుస్తెలు అమ్మే ఉద్దేశంలో లేరు కాబట్టి దారం పులసతోనే సరి. చిట్టి అరచేయి కంటే రెండింతలు, ఒంటిపొర. ముందు ఎనిమిది గొలుసు కుట్లతో మొదలుపెట్టి, వరసకి రెండు వైపులా ఒక్కో కుట్టు పెంచుతూ పొట్ట దగ్గర ఇరవై రెండు చేసి, మళ్ళీ తగ్గించి, తోకకి రెండు పాయలు. కంటికి గుండీ పెట్టలేదు, నల్లదారంతో కుట్టేశాను. చివరి దారాన్ని ముడివేసి కత్తిరించకుండా, వచ్చిన దారిలోనే రెండంగుళాలు లోపలికి దూర్చాను. పిల్ల లాగినా ఊడదు.

ఉతికితే ఒక పూటకి ఆరింది. పులుసు పెట్టాలి అంటూ చిట్టి దాన్ని గిన్నెలో వేసి గరిటెతో తిప్పుతోంది. తర్వాత ఎటూ నోట్లోకే.

ఆగస్టు చివర

పొట్టిక్కలు. తిండీ క్రాఫ్టూ ఒక్కచోట చేరేది ఇక్కడే. పనసాకులు నాలుగు, తొడిమలు లోపలికి వచ్చేలా ప్లస్ గుర్తులా పేర్చి, మధ్యలో ఈనెపుల్లతో కుట్టి, పక్కపక్క ఆకుల్ని పైకి లేపి అంచులు కలిపి మళ్ళీ పుల్లలు గుచ్చితే బుట్ట. ఒక వంతు మినప్పప్పు, రెండు వంతుల ఇడ్లీ రవ్వ. పిండి పొంగాక బుట్టలో మూడొంతులు పోసి ఆవిరి మీద ఇరవై నిమిషాలు. మామూలు ఇడ్లీ ముట్టని పిల్ల, ఆకు విప్పి ఇస్తే తింటుంది. ఆ వాసనకో, విప్పడం సరదాకో. ముదురాకులు మడిస్తే చిట్లుతాయి, మరీ లేతవి ఉడికాక కుంగిపోతాయి. పచ్చగా, మెత్తగా వంగేవి చూసి కోయాలి. కడిగి, ఈనె వెనకవైపు కాస్త గోరుతో నొక్కితే వంగుతాయి.

చిట్టికి చిన్నాకులతో నాలుగు చిన్న బుట్టలు కుట్టాను, బుట్టకి ఐదు పుల్లలు. ఇరవై గుచ్చాను, ఉడికాక తీసి లెక్కపెడితే పంతొమ్మిది. చిట్టి అప్పటికే కంచం ముందు కూర్చుని నోరు తెరిచింది. కంచం లాగేస్తే ఏడుపు. నాలుగు పొట్టిక్కల్నీ వేళ్ళతో పొడిపొడి చేసి వెతికాను, లేదు. చివరికి పుల్ల ఇడ్లీపాత్ర అడుగున నీళ్ళలో తేలుతోంది. నా కాళ్ళు అప్పటికి వణుకుతూనే ఉన్నాయి. ఇప్పుడు పుల్లలు గుచ్చడం పెద్దవాళ్ళ బుట్టలకే. చిట్టి బుట్టల్ని తెల్ల నూలు దారంతో కుట్టి, ఆ దారాన్ని ఒక్క లాగుతో తీసేస్తున్నాను.

సెప్టెంబరు

రెండేళ్ళు నిండాయి. మొదటి బెల్లం సున్నుండల్లో. పొట్టు మినప్పప్పు ఒక గ్లాసు సన్నసెగ మీద ఓపిగ్గా వేయించి, ఆరాక మిక్సీ పట్టి, జల్లించాను. ఈ జల్లించడం మానొద్దు, బరక పిండి పిల్లల గొంతులో పట్టుకుంటుంది. బెల్లం ముప్పావు గ్లాసు వేసే చోట అర గ్లాసే వేశాను. బెల్లం తగ్గిస్తే ఉండ కట్టడానికి నెయ్యి మామూలు కంటే రెండు చెంచాలు ఎక్కువ పట్టింది. ఉసిరికాయంత ఉండలు కట్టి, చిట్టికి మాత్రం సగం ఉండ పాలల్లో కలిపి చెంచాతో పెట్టాను. జీడిపప్పు పలుకులు మేం తినే వాటిలోనే.

ఆత్రేయపురం నుంచి ఆడపడుచు పూతరేకులకి ఉత్త రేకులు పంపింది, మీకు కావలసినట్టు చుట్టుకోండని. బోర్లించిన కుండ మీద పిండిలో ముంచిన గుడ్డ ఒక్కసారి లాగితే వచ్చే రేకులవి, నా చేతికి లొంగవు, ఆ జోలికి పోను. ఎండు ఖర్జూరం పొడి, జీడిపప్పు పొడి, నెయ్యి పెట్టి చుట్టాను. తడిగుడ్డతో రేకుని ఒక్కసారి అద్దాలి. రెండుసార్లు అద్దితే ముద్దవుతుంది. మాకు బ్రహ్మాండంగా ఉన్నాయి. చిట్టికి రేకు అంగిట్లో అతుక్కుపోయి, వేలు పెట్టి తీయాల్సి వచ్చింది. దానికి పూతరేకులు ఇంకో ఏడాది ఆగాలి.

అక్టోబరు

రెండో పులస మొదలుపెట్టాను, ఈసారి ఎర్ర మొప్పలతో. ఎర్రదారం తడిపి తెల్లగుడ్డ మీద రుద్దితే గులాబీ రంగు దిగింది. ఉప్పునీళ్ళలో నానబెట్టి, మూడుసార్లు జాడించినా దిగుతూనే ఉంది. చిట్టి నోట్లోకి వెళ్ళేదానికి ఆ రంగు పనికిరాదు, ఆ ఉండ అత్తయ్యగారి గుమ్మం తోరణానికి ఇచ్చేశాను. మొప్పలు కూడా తెలుపే. పొట్ట అయింది, తోకకి ఇంకా నాలుగు వరసలు ఉన్నాయి. అదిగో, లేచింది.