పోటు పట్టిక చూసుకుంటూ దీవిలో గాలం నేర్చుకున్నాను: నా అనుభవం

దీవిలో సెలవులకు బయలుదేరే ముందు నేను చేయాలనుకున్న పనులు నాలుగు: పగడపు దిబ్బల మీద స్నార్కెలింగ్ (నోటి గొట్టంతో ఊపిరి పీలుస్తూ నీటి పైభాగాన తేలుతూ కింద చూడటం), కయాక్ అనే సన్నని తెడ్డు పడవ నడపడం, ఆటు వేళ బయటపడే రాతినేల మీద నడక, అన్నిటికంటే ముఖ్యంగా ఒడ్డున నిలబడి గాలం వేసి చేపలు పట్టడం నేర్చుకోవడం. ఈ నాలుగింటిలో దేనికి ఏ పూట కేటాయించాలో తేల్చుకోవడానికి విడిది వారిచ్చిన కార్యక్రమాల కాగితం కంటే ఆ తీరానికి వేసిన పోటు పట్టిక, అంటే సముద్రం ఏ వేళకు పైకి వస్తుందో (పోటు), ఏ వేళకు వెనక్కి పోతుందో (ఆటు) చెప్పే పట్టిక, నాకు ఎన్నో రెట్లు ఎక్కువగా ఉపయోగపడింది. దీవికి వెళ్లే ప్రతి ఒక్కరూ టికెట్లతో పాటు ఆ పట్టికను కూడా ముందే సంపాదించుకోవాలని నేను గట్టిగా కోరుకుంటాను.

చాలా తీరాల్లో ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది కాబట్టి, ఈ రోజు ఉదయం ఏడింటికి వచ్చిన పోటు రేపు ఏడూ యాభైకి గానీ రాదు. అమావాస్యకూ పౌర్ణమికీ కాస్త అటూ ఇటూగా సముద్రం బాగా పైకి వచ్చి బాగా వెనక్కి పోతుంది. అష్టమి నాటికి ఆ తేడా తగ్గుతుంది. అయితే ఈ లెక్క అన్ని దీవులకూ ఒకేలా పనిచేయదు. పసిఫిక్ సముద్రంలోని తాహితీ దీవిలో చంద్రుడి ప్రభావం కంటే సూర్యుడి ప్రభావమే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి అక్కడ పోటు దాదాపు ప్రతిరోజూ మధ్యాహ్నానికీ అర్ధరాత్రికీ దగ్గరగానే వస్తుంది, నీటిమట్టంలో తేడా కూడా అడుగుకు మించి పెద్దగా ఉండదు. అందుకే సాధారణ సూత్రం మీద ఆధారపడకుండా, వెళ్తున్న తీరానికే లెక్కగట్టిన పట్టికను తీసుకోవాలి.

గాలం వేయడం నేర్పడానికి ఒప్పుకున్న ఆ ఊరి పెద్దాయన మొదటి పాఠంగా కర్ర చేతికివ్వలేదు. పగడపు దిబ్బకు ఒకచోట తెంపు ఉంది. లోపలి మడుగులో నిండిన నీరు ఆటు వేళ ఆ సందులోంచే బయటి సముద్రంలోకి పోతుంది. ఆయన నన్ను ఆ సందుకు ఎదురుగా ఉన్న రాళ్ల మీద కూర్చోబెట్టి, నీటి మీద తేలే ఆకులనూ నురుగునూ చాలాసేపు చూడమన్నారు. పోటు పూర్తయిన మొదటి గంటలో అవి కదిలీ కదలనట్టు ఉన్నాయి. మూడో గంట వచ్చేసరికి మనిషి నడక కంటే వేగంగా బయటికి కొట్టుకుపోయాయి. దీనికి నావికులు వాడే ఒక లెక్క ఉంది. ఆరు గంటల్లో దిగే నీటిని పన్నెండు భాగాలు చేస్తే వరుసగా గంటకు ఒకటి, రెండు, మూడు, మూడు, రెండు, ఒక భాగం చొప్పున దిగుతుంది. అంటే మధ్యలోని రెండు గంటల్లోనే సగం నీరు కదిలిపోతుంది. కదిలే నీరు చిన్న చేపలనూ రొయ్యపిల్లలనూ సందులోంచి బయటికి తోస్తుంది, పార లాంటి వేటచేపలు సందు బయట అంచున కాచుకుని ఉంటాయి.

ఈ ఒక్క విషయం అర్థం కావడంతో నా రోజువారీ ప్రణాళిక మొత్తం దానంతట అదే కుదిరింది. గాలానికి ఏ గంటలు మేలో, ఆ గంటల్లోనే ఆ సందు దగ్గర ఈత, స్నార్కెలింగ్ అత్యంత ప్రమాదకరం. అందువల్ల స్నార్కెలింగ్‌ను పోటు నిండి నీరు నిలకడగా ఉండే కాసేపటికి పెట్టుకున్నాను. అప్పుడు దిబ్బ మీద లోతు కూడా తగినంత ఉండి, కాళ్లకు తొడుక్కున్న ఈత రెక్కలు పగడాలకు తగలవు. ఎప్పుడైనా నీరు బయటికి లాగుతున్నట్టు అనిపిస్తే దానికి ఎదురీదకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది ఆ ప్రవాహం నుంచి తప్పుకోవాలని ముందే మనసులో స్థిరపరచుకున్నాను. ఒంటికి రాసుకునే సన్‌స్క్రీన్ విషయంలోనూ శ్రద్ధ తీసుకున్నాను: పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ అనే రసాయనాలు ఉన్న క్రీముల అమ్మకాన్ని పసిఫిక్ దీవుల దేశమైన పలావు 2020 నుంచి, అమెరికా రాష్ట్రమైన హవాయి 2021 నుంచి నిషేధించాయి. నిషేధం లేని చోట కూడా పొడుగు చేతుల ఈత చొక్కా వేసుకుంటే క్రీము అవసరం చాలావరకు తగ్గుతుంది.

కయాక్‌కు గాలి ప్రధానం. ఎండకు నేల వేడెక్కే కొద్దీ సముద్రం మీంచి గాలి పెరుగుతుంది కాబట్టి ఉదయమే వెళ్లి వచ్చేవాడిని. లైఫ్ జాకెట్ లేకుండా ఎక్కలేదు. ముందు గాలికి ఎదురు వెళ్లి, అలసిపోయే వేళకు గాలివాటున తిరిగి వచ్చేవాడిని.

గాలం దగ్గర నాకు ఎక్కువ కాలం పట్టింది కర్ర విసరడానికి కాదు, ముడి వేయడానికి. నైలాన్ దారాన్ని కొక్కెం కంటిలోంచి తీసి, కొసను అసలు దారం చుట్టూ ఐదుసార్లు తిప్పి, ఆ కొసనే కంటి పక్కనున్న ఉచ్చులోంచీ, తరువాత ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచీ వెనక్కి దూర్చి, బిగించే ముందు నాలుకతో తడి చేయాలి. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి నైలాన్ బలహీనపడి, సరిగ్గా పెద్ద చేప పడినప్పుడే ముడి దగ్గర తెగుతుంది. సరిగ్గా పడిన ముడిలో చుట్లు ఒకదాని మీదికి మరొకటి ఎక్కకుండా వరుసగా కూర్చుంటాయి. గోటితో తడిమితే తెలుస్తుంది. దారం చుట్టుకునే రీలుకు ఉండే బ్రేకును దారం ఓర్చుకునే బరువులో మూడో వంతుకు మించకుండా పెట్టుకోవాలి, అప్పుడే చేప పరుగెత్తితే దారం తెగకుండా జారుతూ పోతుంది.

కొక్కేల్లో గుండ్రంగా లోపలికి వంగిన సర్కిల్ హుక్కును ఎంచుకున్నాను. దీనితో చేప ఎర అందుకోగానే గట్టిగా లాగకూడదు. వేలి మీద ఆన్చుకున్న దారం మొదట సన్నగా వణుకుతుంది, తరువాత ఒకవైపు బరువుగా సాగుతుంది. అప్పుడు నిదానంగా రీలు తిప్పితే కొక్కెం గొంతులో కాక నోటి మూలలో దిగుతుంది. నాకు మొదటి పార చేప దక్కింది ఆటు మూడో గంటలోనే. దారం బిగిసి సందు వైపు పరుగెత్తిన ఆ వేగాన్ని, రాళ్ల పక్కకు వచ్చాక నీటిలో మెరిసిన ఆ వెండి ఒంటిని చూసి నేను పొందిన ఆనందం చెప్పనలవి కాదు.

అది అక్కడ అనుమతించిన కొలత కంటే చిన్నది కాబట్టి వదిలేయాలి. చేతులు తడుపుకున్నాకే దానిని పట్టుకున్నాను, ఎందుకంటే పొడి చేయి తగిలితే చేప ఒంటి మీది జిగురు పొర ఊడిపోయి రోగాలు సోకుతాయి. కొక్కెం మొన పక్కనుండే ఎదురు ముల్లును ముందే పటకారుతో నొక్కి ఉంచడం వల్ల చేపను నీటి పైకి తీయకుండానే విడిపించగలిగాను. గాలం వేయడానికి అనుమతి పత్రం కావాలా, ఏ భాగం రక్షిత ప్రాంతం, ఏ చేపకు ఎంత కొలత ఉండాలి అనేవి వెళ్లిన మొదటి రోజే అధికారులను అడిగి తెలుసుకోవడం తప్పనిసరి. ఉంచుకోదగిన చేప దొరికినా, అది తినదగినదేనా అని స్థానికులను అడగాలి. పగడపు దిబ్బల దగ్గర తిరిగే పెద్ద బారకూడాలలో సిగ్వాటెరా విషం ఉండవచ్చు. వండినా, మంచులో పెట్టినా అది పోదు, రుచిలోనూ వాసనలోనూ తెలియదు.

ఆటు పూర్తిగా తీసే ముందు గంట నుంచి రాతినేల మీద నడిచి, నీరు మళ్లీ పెరగడం మొదలవగానే వెనుదిరిగేవాడిని. మందపాటి అడుగున్న బూట్లు వేసుకుని, ఇసుక మడుగుల్లో పాదాలు ఎత్తకుండా ఈడ్చుకుంటూ నడిస్తే దాగి ఉన్న టేకు చేపలు (స్టింగ్‌రేలు) ముందే తప్పుకుంటాయి. రాయిలా కనిపించే స్టోన్‌ఫిష్ మాత్రం కదలదు, కాబట్టి ప్రతి అడుగూ చూసి వేయాలి. ఎంత అందంగా ఉన్నా శంఖాలను చేత్తో తీయలేదు. కోన్ నత్తలు కుట్టి మనుషులు చనిపోయిన సందర్భాలు ఉన్నాయి. టేకు ముల్లో, స్టోన్‌ఫిష్ ముల్లో గుచ్చుకుంటే, వైద్యుడి దగ్గరికి చేరేలోగా ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడి నీటిలో, సుమారు 45 డిగ్రీలు మించకుండా, ముంచి ఉంచితే నొప్పి తగ్గుతుంది.

చివరి రోజును పూర్తిగా గాలానికే ఉంచుకున్నాను. సెలవుల్లో స్కూబా డైవింగ్ (గాలి సిలిండర్‌తో నీటి లోతుకు దిగడం) కూడా చేసినందున, అలాంటి పలు డైవ్‌ల తరువాత విమానం ఎక్కడానికి కనీసం 18 గంటల విరామం ఉండాలన్న నియమాన్ని పాటించడానికి ఇది అనువుగా కుదిరింది. ఆ సాయంత్రం కర్రనూ రీలునూ మంచినీటితో కడిగి, తెగిన దారపు ముక్కలన్నీ ఏరి, పక్షుల కాళ్లకు చుట్టుకోకుండా చిన్న ముక్కలుగా కత్తిరించి మూత ఉన్న సీసాలో వేశాను. మిగిలిన కొక్కేలను, ముళ్లు నొక్కినవాటిని వేరుగా చుట్టి, పెద్దాయనకే ఇచ్చి వచ్చాను.