నాన్నకి ప్లాస్మా రాలేదు

2020 జూన్ మూడో వారం. హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి కోవిడ్ వార్డులో నాన్న. మాస్కు తీస్తే ఆక్సిజన్ 90 దాటట్లేదు. డాక్టరుగారు ఫోన్ చేసి, "ఐసీఎంఆర్, అదే భారత వైద్య పరిశోధన మండలి వాళ్ల ప్లాస్మా ట్రయల్ నడుస్తోందమ్మా, ప్లాసిడ్ అని. కోవిడ్ తగ్గినవాళ్ల రక్తంలోంచి తీసిన ద్రవం ఎక్కించి చూస్తారు. నాన్నగారిని అడగమంటారా?" అన్నారు. నాకు ప్లాస్మా అన్న మాటొక్కటే వినపడింది. "చేర్చేయండి సార్" అనేశాను.

ఆయన ఆగమన్నారు. చేరినవాళ్లలో సగంమందికే ప్లాస్మా, 200 మిల్లీలీటర్ల చొప్పున రెండుసార్లు, ఒకరోజు తేడాతో. మిగతావాళ్లకి మామూలు వైద్యం. ఎవరికేదన్నది కంప్యూటర్ చీటీ, డాక్టరు చేతిలో కూడా ఉండదు.

వీడియో కాల్‌లో తెలుగు పత్రం నాన్నే చదువుకున్నారు, వేలు పెట్టి, వాక్యానికోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ. "ఎప్పుడైనా తప్పుకోవచ్చట. తప్పుకున్నా వైద్యం ఆపరట" అని నాకు చెప్పారు. తహసీల్దారు ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద సంతకాలు పెట్టిన చెయ్యి. ఆ రోజు చివరి అక్షరం గీత దాటి కిందికి జారిపోయింది.

చీటీలో ప్లాస్మా రాలేదు.

ఆ రాత్రి డాక్టరుగారిని బతిమాలాను. దాతని నేనే తెస్తానన్నాను. "అది పనిచేస్తుందని ఇంకా ఎవరికీ తెలీదమ్మా" అన్నారాయన, విసుక్కోకుండా. నాన్న మాత్రం "రాకపోతే ఏమైందే, నన్ను కూడా లెక్కలో రాసుకుంటారుగా" అన్నారు. ఆ మాటకి ఇంకా ఏడుపొచ్చింది.

బ్రిటన్‌లో రికవరీ అనే ట్రయల్ ఫలితం జూన్ 16నే వచ్చింది. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే వెంటిలేటర్ మీదున్నవాళ్లలో మరణాలు మూడో వంతు, ఆక్సిజన్ మీదున్నవాళ్లలో ఐదో వంతు తగ్గాయి. ఎన్నో ఏళ్లుగా ఉన్న చవక మందు! అదీ ఇలా చీటీల మీద తేల్చిందే. నాన్నకి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చారు. పదకొండో రోజు ఇంటికొచ్చారు. 28వ రోజున ఎలా ఉన్నారని ట్రయల్ వాళ్లు ఫోన్ చేస్తే తనే మాట్లాడారు.

అక్టోబరులో ప్లాసిడ్ ఫలితం బీఎమ్‌జే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. 39 ఆసుపత్రులు, 464 మంది. చీటీలో ప్లాస్మా వచ్చిన 235 మందిలో 34 మంది పోయారు, రాని 229 మందిలో 31 మంది. తేడా లేదు. ఆ 229లో మా నాన్న ఒకరు.

2021 ఏప్రిల్‌లో పిన్ని ఏడుస్తూ ఫోన్ చేసింది, బాబాయికి ప్లాస్మా ఎక్కడైనా దొరుకుతుందా అని. ప్లాస్మాని ఐసీఎంఆర్ చికిత్సా సూచనల్లోంచి తీసేసింది మే 17న. అప్పటికింకా వాట్సాప్ నిండా దాతల కోసం వేడుకోళ్లే. ఫోన్లోనే ఆ అంకెలు చదివి వినిపించాను. "దాత కోసం తిరగొద్దు పిన్నీ. బాబాయి పక్కనుండి ఆక్సిజన్ ఎంతుందో చూస్తుండు. స్టెరాయిడ్ మొదలుపెట్టారా, అదడుగు" అన్నాను.