కారం తినని పిల్లలకు ఎర్ర క్యాప్సికం

న్యూజెర్సీలో పుట్టిన మా పిల్లలిద్దరూ కారం ముట్టరు. వరంగల్ వాళ్ల పిల్లలై ఉండి ఇదేం చోద్యమని చుట్టాలు అడుగుతూనే ఉంటారు. బలవంతంగా అలవాటు చేయించడం నాకిష్టం లేదు. ముందు ఎర్ర క్యాప్సికం తిననివ్వండి. అదీ మిరప జాతిదే, కారం పుట్టించే క్యాప్సైసిన్ లేదంతే.

మామూలుగా ఆకుపచ్చ కాయే చెట్టున బాగా పండితే ఎర్రదవుతుంది. అందుకే ఆ తీపి. మా వాళ్లు లంచ్ బాక్సులో పచ్చి ముక్కలే కరకరా నమిలేస్తారు. వంద గ్రాముల్లో విటమిన్ సి సుమారు 130 మిల్లీగ్రాములు ఉంటుంది, నారింజ కంటే రెట్టింపు పైనే. తింటే జలుబే రాదని మాత్రం అనుకోవద్దు. నాకు ముఖ్యమైంది వేరే ఉంది: పప్పులో, పాలకూరలో ఉన్న ఐరన్ ఒంటికి బాగా పట్టాలంటే ఆ పూటే విటమిన్ సి కూడా తినాలి. మాంసం తక్కువ తినే ఇంట్లో ఇది చిన్న విషయం కాదు. అందుకే పప్పన్నం పక్కన పచ్చి ముక్కలు తప్పనిసరిగా పెడతాను.

ఈమధ్య హన్మకొండ వెళ్లినప్పుడు మా అమ్మ డబ్బాలోంచి ఎండిన చపాటా మిర్చి తీసింది. లావుగా, ముడతలు పడి, ఊపితే లోపల గింజలు గలగలలాడుతున్నాయి. మా పాప చేతిలో అటూ ఇటూ తిప్పి, "అమ్మమ్మా, ఇది క్యాప్సికమా?" అంది.

"దాని అక్కనే బిడ్డా. జర్రంత కారముంటది, గంతే" అంది అమ్మ.

నిజమే. చపాటాకు రంగెక్కువ, ఘాటు తక్కువ. 2025లో దానికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక పంట అనే గుర్తింపు, కూడా వచ్చింది. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్‌కు బస్తాల్లో వచ్చే మిర్చికీ, పాప లంచ్ బాక్సులోని క్యాప్సికం ముక్కకూ ఎరుపునిచ్చేది ఒకటే పదార్థం, క్యాప్సాంథిన్.

ఇప్పుడు ఇంట్లో ఎర్ర క్యాప్సికం తొక్కు చేస్తున్నాను. మంట మీద కాల్చి, పొట్టు తీసి, వెల్లుల్లి, జీలకర్ర, చింతపండు వేసి కచ్చాపచ్చాగా నూరి, నూనెలో పోపు పెడతాను. కాలిస్తే విటమిన్ సి కొంత పోతుంది కానీ, విటమిన్ ఎ గా మారే కెరోటిన్ నూనెతో బాగా ఒంటబడుతుంది. పోయినసారి నూరుతుంటే పాప వచ్చి ఒక చపాటా కాయ కూడా వేయమంది. కారం ఎక్కువగా ఉండేది గింజలు అంటుకున్న లోపలి తెల్ల పొరలోనే కాబట్టి, అది గీకేసి వేశాను.