కైలాసగిరి మీది నుంచి

నిన్న సాయంత్రం కైలాసగిరి ఎక్కి విశాఖను చాలాసేపు చూశాను. ఒకవైపు సముద్రం, మరోవైపు తూర్పు కనుమలు, మధ్యలో దొరికిన చోటల్లా ఊరు. దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ అలలకు అడ్డు నిలిచింది కాబట్టే, దాని చాటున చిత్తడి నేలను తవ్వి ఓడరేవు కట్టగలిగారు. 1933లో రేవు తెరిచారు. పని వెతుక్కుంటూ వచ్చినవాళ్లు చదును నేల చాలక కొండవాలు ఎక్కారు.

మా పిన్ని ఇల్లూ అలాంటి వాలులోనే. వాన పడితే మెట్ల మీదుగా ఎర్రనీళ్లు దిగుతాయి. గడపకు అడ్డంగా ఇసుక మూట పెడుతుంది. అయినా పెరటి బండరాయిని మాత్రం ఎవరినీ పగలగొట్టనివ్వలేదు. దాని మీదే వడియాలు ఎండబెడుతుంది, సాయంత్రం దాని మీదే కూర్చుంటుంది.

ఉత్తరాన కొండలకు పడిన గాట్లు చూసినప్పుడు ఆ బండే గుర్తొచ్చింది. గుండె కలుక్కుమంది.