మోడు పీకిన పోడు

గుండాల వైపు బడిలో పంతులుగా చేరి తొమ్మిదేళ్లయింది. ఆదివారం తోచకపోతే మామ చేనుకు పోతుంటా. మామ అంటే నాకు చుట్టం కాదు. కోయ రైతు, డెబ్బై దాటిన మనిషి. ఊరంతా అలాగే పిలుస్తుంది, నేనూ అంతే.

జులైలో వాన వెలిశాక పోయా. పత్తి జానెడు లేచింది. సాళ్ల మధ్య గులకరాళ్లు, ఒక్కోటి అంగుళమంత మట్టి దిమ్మె మీద పుట్టగొడుగులా నిలబడి ఉన్నాయి. రాయి కప్పిన చోట మట్టి మిగిలింది. చుట్టూ ఉన్నదంతా వాగులోకి పోయింది.

అడివి కొట్టి చేసే సాగే పోడు. పోడంటేనే అడివికి చేటని టౌన్లో మావాళ్లు తేలిగ్గా అనేస్తారు. మామ చెప్పే పాత పోడు వేరు. చెట్టును మోకాలెత్తున నరికి, ఎండాక కాల్చి, తొలకరికి ఆ బూడిదలో జొన్న, సామ, కంది చల్లేవాళ్లు. రెండు మూడేళ్లు పండించి ఇంకో చోటికి. వేరు నేలలోనే ఉండేది కాబట్టి మద్ది, తునికి మోడు నుంచే చిగురేసేవి.

పత్తికి అలా కుదరదు. ట్రాక్టర్ తిరగాలని జేసీబీ పెట్టి మోళ్లు వేళ్లతో పీకించారు. మళ్లీ లేచిన పిలకలకి గడ్డిమందు. చోటు మారదామన్నా వీల్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబరు 13కి ముందు నుంచీ సాగులో ఉన్న నేలకే హక్కిస్తుంది. అందుకే అదే చేను, ఏటా పత్తి. 2023లో తెలంగాణలో 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలిచ్చినప్పుడు మామకీ మూడెకరాలకు వచ్చింది. రావాల్సిందే. అది లేనన్నాళ్లు ఆయన ఎంత బిక్కుబిక్కుమంటూ దున్నాడో చూశా.

"నాలుగు మోళ్లుంచితే ఏమైతది మామా?"

"ట్రాక్టరోడు రాడు సారూ. విత్తనం అప్పిచ్చినోడు ఊకుంటడా?"

నేను చేరిన ఏడాది సంక్రాంతికి పిల్లలు ఈత కొట్టిన వాగు ఇప్పుడు దీపావళి దాటితే ఇసకే. బోర్లదీ ఇందులో వాటా ఉంది, కాదనను. వానొస్తే మాత్రం ఎర్రగా ఒక్క పూట ఉరికి ఊరుకుంటుంది.

చేను నడుమ మూడు ఇప్పచెట్లు మిగిలాయి. పాత పోడులోనూ ఇప్పను ముట్టేవారు కాదట. వాటి నీడన పత్తి కాయదని కొడుకు సణుగుడు. మామ విననట్టే ఉంటాడు. మార్చిలో మాత్రం ఇంకా తెల్లవారకముందే లేచి, పూలు రాలేలోపు, ఏరుకోడానికి వీలుగా ఆ చెట్ల కింద ఊడ్చిపెట్టేది ఆ కొడుకే.